ఆపుదామన్నది నేనే

అతను పోయిన సంగతి నాకు మా పిండిమరలో తెలిసింది. రాగులు తెచ్చిన ఒకామె తొట్టిలో పోస్తూ ఏదో చెప్పింది. మర చప్పుడులో 'చదరంగం' అన్న మాట ఒక్కటే చెవిన పడింది. మర ఆపి, మళ్ళీ చెప్పమన్నాను.

"అదేనయ్యా, మా కుప్పంలో నీతో చదరంగం ఆడేటాయన. పోయిన వారమే పోయినాడు. నీకు తెలీదా?"

తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. తెలిసినట్టే తల ఊపి మళ్ళీ మర వేశాను. ఆమె రాగుల్ని ఎంత మెత్తగా పట్టానో నాకే తెలియలేదు. "ఇది ముఖానికి రాసుకునే పౌడరా ఏంది?" అని విసుక్కుంటూ మూట కట్టుకుని పోయింది.

నాది నాయుడుపేట. అతనిది చిట్టమూరు అవతల, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న జాలర్ల పల్లె. అటువైపు అలాంటి పల్లెల్ని కుప్పం అంటారు. ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం మేమిద్దరం చదరంగం ఆడాం. ఎవరు ఎక్కువసార్లు గెలిచారని అడిగితే చెప్పలేను. ఒక నెల అతనిది పైచెయ్యి అయితే మరుసటి నెల నాది. వయసులో కూడా అంతే, ఎవరు పెద్దో ఎప్పుడూ తేల్చుకోలేదు. అతను నన్ను 'అన్నా' అనేవాడు, నేనూ అతన్ని 'అన్నా' అనేవాణ్ణి. వినేవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

మొదటిసారి అతన్ని చూసింది మా వీధి మంగలి షాపులో. అక్కడ బల్ల మీద ఒక చదరంగం అట్ట ఉండేది. నేను ఎవరితోనో ఆడుతున్నాను. వలకు నైలాను దారం కొనడానికి వచ్చిన మనిషి ఒకడు వాకిట్లో నిలబడి చూస్తున్నాడు. నేను గుర్రాన్ని పట్టుకున్నాను, అతను దగ్గాడు. గుర్రాన్ని వదిలేసి ఏనుగును పట్టుకున్నాను, దగ్గు ఆగింది. ఆట గెలిచాక తిరిగి చూస్తే మనిషి లేడు. బస్టాండు దాకా పరిగెత్తి పట్టుకున్నాను.

"నాతో ఆడతావా అన్నా?" అన్నాను.

"ఆడేదానికేం. నాకు దగ్గొచ్చినప్పుడు మాత్రం నువ్వు చూడబాకు," అన్నాడు.

నేను పది దాటి చదవలేదు. ఆ తరువాత చదివిందంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలోనే. చరిత్ర, సైన్సు, యాత్రలు, దొరికిందల్లా చదివాను. చదరంగం మీద అక్కడ ఉన్న పుస్తకాలు తక్కువే, వాటిలో ఒకదానికి అట్ట కూడా లేదు. అయినా వాటిని ఎన్నిసార్లు తెచ్చుకున్నానంటే, లైబ్రేరియన్ నన్ను చూడగానే అవే తీసి బల్ల మీద పెట్టేవాడు. ఆట మొదటి ఎత్తులకు దేశదేశాల పేర్లుంటాయని, ఎప్పుడో ఎక్కడో ఆడిన ఆటల్ని ఇప్పటికీ మనం అలాగే పేర్చి చూడొచ్చని వాటిలోనే తెలుసుకున్నాను. అవన్నీ అతనికి చెప్పేవాణ్ణి. నోరు మూసుకుని ఆడటం నాకు చేతకాదు.

"ఇది రష్యావాళ్ళ పద్ధతన్నా. ఇట్ట వస్తే నువ్వు అట్ట పోవాలి."

"ఆ రష్యావోడు మన సరస్సులో దిగినాడా ఎప్పుడన్నా? దిగుంటే తెలిసేది, అట్ట పోతే బురదని," అంటూ మూడో దారిలో పోయేవాడు.

నాకు 'లైబ్రరీ అన్న' అని పేరు పెట్టాడు. నా చొక్కా మీద ఎప్పుడూ పిండి ఉండేది కదా, "తెల్ల పావులు నీకెందుకన్నా, ఆ నల్లవి తీసుకో, కొంచెం కలిసిపోకుండా ఉంటావు" అని నల్లవి నా వైపు తోసేవాడు.

అతని ఆటలో నాకు ఇప్పటికీ కళ్ళముందు ఆడేది ఎడమ పిడికిలి. చంపిన పావుల్ని అందరిలా పక్కన పేర్చేవాడు కాదు. పిడికిట్లో పెట్టుకునేవాడు. పిడికిలి నిండితే ఒడిలోకి. తను ఓడిపోయే దారిలో ఉంటే లోపల పావులు ఒకదానికొకటి రాసుకుని కిరకిరమనేవి. నేను ఆ చప్పుడు వింటూ ఆడేవాణ్ణి. ఆ సంగతి కనిపెట్టాక, బాగా గెలుస్తున్నప్పుడు కూడా కిరకిరలాడించి నన్ను మోసం చేసేవాడు. ఆట అయ్యాక ఆ పావులు నా చేతిలో పోస్తే వెచ్చగా, చెమటగా ఉండేవి. ఒక్కోసారి ఒడిలో ఏ బంటో ఉండిపోయి పంచె మడతలో ఇంటికి వెళ్ళిపోయేది. దాని స్థానంలో నేను చింతగింజ పెట్టి వారమంతా సాధన చేసుకునేవాణ్ణి.

'షా' అని, 'చెక్' అని ఎప్పుడూ అనలేదు. నా రాజుకు గండం తెచ్చినప్పుడు, "రాజుగారూ, తమరు కొంచెం లేచి ఆ పక్కన కూసోవాల" అని వినయంగా చెప్పేవాడు. ఆట కట్టేశాక నన్ను ఓదార్చేవాడు. "నీ ఏనుగు మంచిదే అన్నా. సావాసమే చెడ్డది, ఆ శకటుతో తిరిగి చెడిపోయింది." ఆట మధ్యలో టీ ముట్టేవాడు కాదు. చల్లారి మీగడ కట్టాక, గెలిచినా ఓడినా, ఒక్క గుక్కలో తాగేవాడు.

మా ఆటకు ఒకే ఒక్క కట్టుబాటు. ఓడినవాడు వచ్చే ఆదివారం గెలిచినవాడి ఊరికి పోవాలి. ఎండ, దుమ్ము, బస్సులో నిలబడటం అన్నీ ఓడినవాడివి. గెలిచినవాడు ఇంటి దగ్గర బల్ల పరుచుకుని కూర్చుంటాడు, వచ్చినవాడికి అన్నం పెడతాడు. అది అతను పెట్టిన కట్టుబాటే. వాళ్ళ పల్లెలో సరస్సు మీద వేట వంతుల ప్రకారం జరుగుతుంది. ఏ రోజు ఏ తావులో ఎవరు వల వెయ్యాలో పెద్దలు కూర్చుని చీటీలు వేసి తేలుస్తారు. తన వంతు కాని రోజు చేపలు కాళ్ళ మీద పొర్లినా పట్టడు. ఎవరూ కాపలా ఉండరు, అయినా పట్టడు. అలా పెరిగిన మనిషికి ఆదివారం కూడా ఒక వంతే.

ఒకసారి అతను ఓడాడు. రావలసిన ఆదివారం తుఫాను వాన. కల్వర్టు మీద నీళ్ళు పారుతున్నాయని బస్సులు ఆపేశారు. ఇక రాడనుకుని నేను పడుకున్నాను. మధ్యాహ్నం దాటాక తలుపు తట్టాడు. మోకాళ్ళ దాకా బురద. తల మీద ఎరువుల సంచి కప్పుకుని ఉన్నాడు.

"ఈ వానలో ఎందుకొచ్చినావన్నా?" అన్నాను.

"వంతు గదన్నా," అన్నాడు. ఇంకేం చెప్పాలో తెలియనట్టు నా ముఖం చూశాడు.

ఇంకోసారి వంతు నాది. నేను బస్సు ఎక్కి చూస్తే ముందు సీట్లో అతను, ఒళ్ళో దారం ఉండలు. పొద్దున్నే కొనుక్కోవడానికి వచ్చినట్టున్నాడు. "అన్నా!" అని పిలిచాను. మెడ తిప్పలేదు. మళ్ళీ పిలిచాను. కిటికీలోంచి పొలాలు చూస్తున్నాడు. పల్లె రాగానే ముందు తలుపులోంచి దిగి ఇంటివైపు దాదాపు పరిగెత్తాడు. అప్పుడు అర్థమైంది. నేను వెళ్ళేసరికి అతను ఇంట్లో ఉండాలి. వచ్చేవాణ్ణి ఇంట్లో ఉండి పిలవాలి. అంగట్లో అరటిపళ్ళు బేరమాడుతూ కాసేపు నిలబడి, తరువాత మెల్లగా నడిచాను. అరుగు మీద బల్ల పరిచి ఉంది. అతను ఇంకా రొప్పుతున్నాడు.

"రా అన్నా, రా. ఎట్టుండావు? బస్సులో రద్దీ ఉన్నిందా?"

"రద్దీ లేదుగానీ, ముందు సీట్లో ఒకాయన నన్ను చూసీ చూడనట్టు కూర్చోనుండాడు."

"అట్టాంటోళ్ళతో మనకెందుకన్నా. నువ్వు ఆడు."

ఆ పూట లోపల అతని భార్య నవ్వు ఆపుకోలేక గిన్నె జారవిడిచింది.

ఇక చెప్పవలసింది చివరి ఆట గురించి.

సరస్సు మీదికి వచ్చిన పక్షులు తిరిగి పోతున్న రోజులు. అంతకుముందు వారం నేను ఓడాను కాబట్టి నేనే వాళ్ళ పల్లెకు వెళ్ళాను. పొద్దున మొదలుపెట్టిన ఆట భోజనమయ్యాక కూడా తెగలేదు. మంత్రులు పోయాయి, ఏనుగులు పోయాయి, ఒక్కొక్కటిగా అన్నీ పోయాయి. చివరికి ఇద్దరికీ రాజు, బంట్లు మిగిలాయి. ఆ బంట్లు కూడా అతనివీ నావీ ఎదురెదురుగా తలలు ఆనించుకుని బల్లకు అడ్డంగా గోడలా నిలబడిపోయాయి. ఒక్కటీ కదలదు. ఒక్కదాన్నీ చంపే వీల్లేదు. గోడకు ఇటు నా రాజు, అటు అతని రాజు. సందు లేదు. నేను రాజును ఒక గడి కుడికి జరిపితే అతనూ జరిపేవాడు. నేను ఎడమకు వస్తే అతనూ వచ్చేవాడు. ఇంతకుముందు ఆట చిక్కుపడితే ఎవరో ఒకరం విసుగెత్తి ఏదో ఒక పావును బలిచ్చి తెంచేవాళ్ళం. ఈసారి ఇవ్వడానికీ ఏమీ లేదు.

సాయంత్రం బస్సు వేళయింది. "ఆపుదామన్నా. ఇది డ్రా," అన్నాను.

"అంటే?"

"ఎవురూ గెలవలేదు, ఎవురూ ఓడలేదు."

"అట్టాంటిది యాడన్నా ఉంటాదా? ఇన్నేళ్ళుగా ఆడతుండాం, మనకెప్పుడన్నా వచ్చిందా?"

"ఇప్పుడొచ్చింది. పుస్తకంలో ఉండాది."

అతను రాజును ఇంకో గడి జరిపాడు. "కదుపుతా ఉందాం. ఎవురో ఒకరం అలిసిపోతాం గదా. మా ఊళ్ళో ఆపుదాం అన్నోడే ఓడినట్టు."

"అది మీ ఊరి రూలన్నా. లోకమంతా ఆడేది ఈ రూలుతోనే."

"లోకమంతా నాతో ఆడలేదు గదా," అని నవ్వాడు.

నేను వదల్లేదు. ఏయే రకాలుగా ఆట సమానంగా ముగుస్తుందో, పెద్ద పెద్ద ఆటగాళ్ళు ఎలా లేచి చేతులు కలుపుకుంటారో అంతా చెప్పాను. చెప్పడం నాకు హాయిగా ఉంది. అతను చివరిదాకా విన్నాడు. పిడికిలి తెరిచి నా పావులన్నీ బల్ల మీద పోశాడు. "సరే. పుస్తకం నీది," అని చెయ్యి చాపాడు. అన్నేళ్ళలో మేము చేతులు కలిపింది ఆ ఒక్కసారే.

బస్సు దాకా నాతో నడిచాడు. బస్సు కనబడ్డాక అడిగాడు:

"అన్నా, వచ్చే ఆదివారం ఎవురు రావాల?"

నేను ఆలోచించలేదు. కొత్త సంగతి ఒకటి అతనికి నేర్పిన ఉత్సాహంలో ఉన్నాను. "ఎవురూ ఓడలేదు గదన్నా. ఎవురి వంతూ కాదు. మనసుండేవాళ్ళు వస్తారు," అన్నాను.

"మనసుండేవాళ్ళా?" అన్నాడు. బస్సు కదిలింది.

ఆ ఆదివారం నేను బల్ల పరుచుకుని కూర్చున్నాను. ఇంట్లో ఒక మనిషికి ఎక్కువ వండించాను. అతను రాలేదు. పోయినసారి నేను వెళ్ళాను, ఈసారి తను రావడం న్యాయం అనుకున్నాను. మరుసటి ఆదివారమూ రాలేదు. డ్రాకు ఒప్పించినందుకు అలిగాడేమో అనుకున్నాను. అలిగితే అలగనీ, ఎన్నాళ్ళుంటాడో చూద్దాం అనుకున్నాను.

"నువ్వు పోరాదా?" అంది నా భార్య.

"నేను పోతే నాకే మనసుండాదని తేలిపోద్ది," అన్నాను హాస్యంగా.

"తేలితే ఏమవుద్ది?" అంది. ఆమె హాస్యానికి అనలేదు.

ఒక మధ్యాహ్నం అతని ఫోను నుంచి మిస్డ్ కాల్ వచ్చింది. నిజంగా కావాలంటే మోగనిచ్చేవాడు కదా అనుకుని నేనూ ఒక మిస్డ్ కాల్ ఇచ్చి ఊరుకున్నాను. ఆపైన మిరపకాయల కాలం వచ్చింది, మర దగ్గర ఊపిరి సలపని పని. ఆదివారాలు ఒక్కొక్కటే పోయాయి. పని వల్లే వెళ్ళలేకపోతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఆదివారం మర ఉండదు. ఆ సంగతి నాకు తెలుసు, అయినా చెప్పుకున్నాను.

ఆ రాగులామె వచ్చి పోయిన రోజు సాయంత్రం బల్ల తీసి చివరి ఆటను మళ్ళీ పేర్చాను. ఒక్క బంటు కూడా మరిచిపోలేదు. నేను ఎక్కడైనా ఓడిపోయి ఉన్నానా అని వెతికాను. ఓడి ఉంటే, వంతు నాదై ఉంటే, నేను చేసిన దానికి ఒక పేరు ఉండేది: వంతు తప్పినవాడు. అతనికి కూడా నా మీద కోప్పడే హక్కు ఉండేది, కోపంలో నాలుగు తిట్టడానికైనా ఫోను చేసేవాడు. గ్రంథాలయానికి వెళ్ళి ఆ అట్ట లేని పుస్తకం తెచ్చి చివరి అధ్యాయమంతా చదివాను. ఫోనులో చదరంగం యాప్‌లో పావులు అలాగే పెట్టి చూశాను. ఎంతసేపు ఉంచినా రెండు వైపులా సమానమనే చూపించింది. జీవితంలో మొదటిసారి నేను ఓడిపోవాలని ఆడాను. నాకు దొరకలేదు.

ఆదివారం బస్సు ఎక్కాను.

అతని భార్య అరుగు మీద కూర్చుని ఉంది. పక్కింటామె తోడుగా ఉంది. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూర్చుంది. "రా అన్నా. కూసో," అంది. ఏడవలేదు. అంతకుముందే ఏడ్చి ఏడ్చి అలిసిపోయినట్టుంది.

"ఎట్ట జరిగిందమ్మా?"

"పక్షులు పోయిన కొన్నాళ్ళకి, బురదలో శంఖం ముక్క కాల్లో గుచ్చుకునింది. చెక్కెర జబ్బు ఉండాది గదా, మానలేదు. వాచిపోయింది. నెల్లూరు తీసకపోయినాం, చీము పైకి పాకిందన్నారు. మళ్ళీ ఇంటికే తెచ్చుకున్నాం. నడిచేదానికి కాలేదన్నా. ఆదివారం వస్తే చాలు, చొక్కా తొడగమనేవోడు. ఈడ కూర్చోబెట్టమనేవోడు. బస్సు టయానికి బల్ల పరిచేవోడు."

"నాకు ఒక్క ఫోను చేసుంటే..."

"నేను చేద్దామంటే చెయ్యనిచ్చినాడా? 'జబ్బని చెప్తే జబ్బు కోసం వస్తాడు, అదేం రావడం మేయ్' అనేవోడు. ఒగసారి దొంగతనంగా చేసినా. మోగంగానే లాక్కోని ఆపేసినాడు. మళ్ళీ కాసేపటికి నువ్వు చేసినావు గదా? ఒక్కసారి మోగి ఆగిపోయింది. 'చూసినావా, అన్న కూడా తలుచుకుంటుండాడు' అని ఆ పొద్దంతా నవ్వతానే ఉన్నాడు."

నేను చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను. రూపాయి పోకుండా నేను ఇచ్చిన మిస్డ్ కాల్‌తో ఆ మనిషి ఒక రోజంతా నవ్వాడు.

కాసేపటికి ఆమె నా వైపు తిరిగింది. "అన్నా, ఒక్క మాట చెప్పు. ఆ చివరాట ఎవురు గెలిచినారు? ఆయన్ని అడిగితే, 'అన్న పుస్తకంలో ఏందో ఉండాదంట, నాకు తెలీలేదు' అనేవోడు. పడుకున్నా అదే ఆలోచన. నువ్వన్నా చెప్పు."

పుస్తకం ఏం చెబుతుందో నాకు తెలుసు. యాప్ ఏం చెప్పిందో కూడా తెలుసు.

"ఆయనే గెలిచినాడమ్మా," అన్నాను.

"నిజంగానా?"

"ఆపుదామన్నది నేనే. మీ ఊళ్ళో ఆపుదాం అన్నోడే ఓడినట్టు గదా. ఆ లెక్కన నేనే ఓడినా."

ఆమె ముఖం విప్పారింది. మొన్న మొన్ననే భర్త పోయిన మనిషి ముఖంలా లేదు. పక్కింటామె భుజం తట్టి, "అక్కా, ఇన్నావా? చివరాట మా ఆయనే గెలిచినాడంట!" అంది.

"గెలవడా మరి. పొద్దస్తమానం ఆ బల్లే గదా," అంది పక్కింటామె నవ్వుతూ. ఇద్దరూ నవ్వారు. నాకు కూడా ఒక్క క్షణం తేలికగా అనిపించింది.

తరువాత ఆమె నవ్వు మెల్లగా ఆగింది. ఆమె ఏం అడగబోతోందో నాకు ముందే కనిపించింది.

"అయితే వంతు నీదే గదన్నా?"

"నాదేనమ్మా."

"మరి రాకపోతివే?"

గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. తెలియక అడుగుతోంది. నాకు తప్పుకునే దారి ఉంది. అమ్మా, అది నిజానికి డ్రా, ఎవరి వంతూ కాదు అని చెప్పొచ్చు, రుజువు కూడా చూపించొచ్చు. అలా చెబితే, ఇప్పుడే ఆమె చేతిలో పెట్టిన గెలుపును మళ్ళీ లాక్కోవాలి. పక్కింటామె లేచి ఆ కబురు చెప్పడానికి అప్పుడే పక్క గుడిసె వైపు పోతోంది.

"రాలేదమ్మా," అన్నాను. "వంతు నాదే. నేనే రాలేదు."